యూచింగ్ చెప్పేదాకా

డోంగ్‌గాంగ్
నవంబరు

అక్కా,

ఊరంతా సెల్‌ఫోన్లు కొనుక్కుంటున్న కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. మా ఫోను టిఫిన్ కొట్టులో పెనం పక్కన గోడకు వేలాడుతుంది. నేను రిసీవరు ఎత్తితే మా అత్తగారు సోయా పాలు కలపడం ఆపేస్తుంది. చేపల మార్కెట్టు నుంచి తినడానికొచ్చిన ఆడవాళ్ళు నమలడం ఆపేస్తారు. అందుకని గుడ్డట్ల పని అయ్యాక, ఆవిడ కునుకు తీసే వేళ చూసి రాస్తున్నాను.

యూచింగ్ గురించి. నీకు తెలిసిన యూచింగ్ కాదిది. పోయిన వేసవిలో మీ ఊరు హువాలియెన్ వచ్చినప్పుడు బావ పళ్ళెంలో చేప కూడా లాక్కుని తిన్న పిల్ల ఇప్పుడు రెండు ముద్దలు తిని లేచిపోతోంది. పదహారేళ్ళ పిల్ల మొహంలో రక్తం లేదు. జుట్టు తనే కత్తిరించుకుంది, చెవుల పైకి, వంకరటింకరగా. స్నానాల గదిలో కుళాయి తిప్పి పెట్టి ఏడుస్తోంది. నీళ్ళ చప్పుడులో వినపడదనుకుంటోంది. గోడకి ఇవతల నేను గిన్నెలు తోముతున్నట్టు నిలబడతాను.

"ఏమైందే?" అంటే "ఏం కాలేదు" అంటుంది. "ఎవరైనా ఏమన్నా అన్నారా?" అంటే "వదిలెయ్యమ్మా" అంటుంది.

దీనితో ఒకే బెంచీలో కూర్చునే వాన్‌రో గుర్తుందా? ప్రతి ఆదివారం వచ్చేది. మేడమీద ఆరేసిన బట్టల నీడలో ఇద్దరూ చదువుకునేవాళ్ళు, చదువు కన్నా నవ్వులే ఎక్కువ వినపడేవి. ఆ పిల్ల రావడం మానేసింది. పోట్లాడుకున్నారా అని అడిగితే యూచింగ్ అన్నం గిన్నె అక్కడే పెట్టి లేచిపోయింది.

మా అత్తగారు మాత్రం "ఎవడో కుర్రాడు తగులుకున్నాడు, బస్టాండు దగ్గర కాపు కాయి" అంటోంది. నాకూ అదే అనుమానం. క్లాసు టీచరు కో మేడం వచ్చి కలవమని కబురు పెట్టింది. కాళ్ళు రావడం లేదు.

నువ్వు స్కూల్లో కౌన్సెలర్‌వి. రోజూ ఊళ్ళోవాళ్ళ పిల్లలు నీ గదికి వచ్చి ఏడ్చి తేలికపడి వెళ్తారు. నీలాంటి అక్క ఉండి నా పిల్ల ఇలా అయిపోవాలా? దానికి నువ్వంటే ప్రాణం. ఎలాగోలా మాట్లాడించు. ఆ కుర్రాడెవడో కనుక్కుని నాకు రాస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

మీ మరిది ఓడ ఏప్రిల్లో కావోషియుంగ్ చేరుతుందని కంపెనీ వాళ్ళు చెప్పారు. ఆ మనిషి కోపం నీకు తెలుసు. పోయినసారి వచ్చినప్పుడు, ఇది చీకటి పడ్డాక ఇంటికొచ్చిందని సైకిలు తీసుకెళ్ళి రేవులో పడేశాడు. ఆయన వచ్చేలోగా ఇది తేలిపోవాలి.

బీషియా

*

హువాలియెన్
నవంబరు

బీషియా,

నీ ఉత్తరం చదువుతుంటే మీ బావ "ఎవరికేమైంది?" అని అడిగాడు. ఏం లేదన్నాను.

ముందే ఒక మాట చెప్పనీ, కోపం తెచ్చుకోకు. యూచింగ్‌ని మాట్లాడించి ఆ మాటలు నీకు చేరవెయ్యలేను. పిల్లలు నాతో చెప్పినది, వాళ్ళు ఒప్పుకుంటే తప్ప, ప్రాణం మీదికొస్తే తప్ప, గది దాటనివ్వను. ఒకరి మాట దాటిందని తెలిస్తే ఆ తలుపు ఇంకెవరూ తట్టరు. ఊళ్ళోవాళ్ళ పిల్లలకి ఇచ్చిన మాట నా చెల్లెలి కూతురికి లేదంటే ఎలా?

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. మీ ఇంట్లో మందులు ఎక్కడుంటాయి? మీ అత్తగారి నిద్రమాత్రలు, కొట్టులో పెట్టే ఎలుకల మందు. అవన్నీ ఇవాళే ఒక పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నీ దగ్గర ఉంచుకో. ఎందుకని నన్నడక్కు. దాన్ని అసలే అడక్కు.

ప్రశ్నలు కొన్నాళ్ళు ఆపు. పక్కన కూర్చో చాలు. అది చదువుకుంటుంటే నువ్వు రొయ్యలు ఒలుచుకో. ఇంకొకటి, ఇంట్లో "కుర్రాడు" అన్న మాట ఎవరూ ఎత్తకుండా చూడు, మీ అత్తగారితో సహా.

కో మేడం దగ్గరికి వెళ్ళు. ఆవిడ ఏం చెప్పినా అక్కడే తలూపెయ్యకు. "ఇంటికెళ్ళి ఆలోచిస్తాను" అని వచ్చెయ్. వచ్చి ముందు నాకు రాయి.

ఏ సాయంత్రమైనా పిల్ల వేళకి ఇంటికి రాకపోతే ఉత్తరం కాదు, ఫోను చెయ్యి. పెనం పక్కన ఎంతమంది ఉన్నా సరే.

అక్క

*

డోంగ్‌గాంగ్
డిసెంబరు

అక్కా,

మందులకి తాళం వేశాను. వేసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఎందుకని అడగొద్దన్నావు, అడగడం లేదు. కానీ అర్థం కానంత మొద్దుని కాదు.

స్కూలుకి వెళ్ళాను. కో మేడం తలుపు వేసి, నా ముందు టీ పెట్టి, గొంతు తగ్గించింది.

"మీ అమ్మాయి, వాన్‌రో, ఆటస్థలం వెనక మెట్ల మీద చేతులు పట్టుకుని కూర్చుంటే డ్రిల్లు మాస్టారు చూశారమ్మా."

"ఆడపిల్లలు చేతులు పట్టుకోరా మేడం? నేనూ మా అక్కా పెళ్ళయ్యాక కూడా పట్టుకునే నడిచాం" అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. "అలా కాదు. మీ అమ్మాయిని పిలిచి అడిగాను. కాదని అనలేదు."

ఏమిటి కాదనలేదో నాకు వెంటనే ఎక్కలేదక్కా. టీ తాగుతున్నాను. సగంలో ఎక్కింది. కప్పు కింద పెడితే చప్పుడవుతుందని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

వాన్‌రో వాళ్ళమ్మ స్కూలుకొచ్చి గొడవ చేసిందట. చదువు మధ్యలో మాన్పించి పిల్లని తైనాన్‌లో వాళ్ళ మావయ్య ఇంటికి పంపేసిందట. ఒక్క మాట కూడా చెప్పుకోనివ్వకుండా. "కావోషియుంగ్‌లో ఒక డాక్టరున్నాడు, ఇలాంటివి లేత వయసులోనే సరిచేయించుకోవాలి" అంది కో మేడం. "వాళ్ళ నాన్నగారు ఓడ దిగాక నేనే పిలిపించి చెప్తాను. తండ్రికి తెలియకుండా ఉండటం ధర్మం కాదు" అని కూడా అంది. తలూపలేదు, నువ్వు చెప్పినట్టే. కానీ బస్సులో వస్తూ దారి పొడుగునా నా తల దానంతట అదే ఊగుతూనే ఉంది.

ఆ సంగతి నిజమేనంటావా? నువ్వు చదువుకున్నదానివి. కాదని రాయి. పోనీ నిజమే అయితే తగ్గుతుందని రాయి. ఆయనకి తెలిస్తే దాని కాళ్ళు విరగ్గొడతాడు. లేకపోతే నావి. రాత్రిళ్ళు అది పడుకున్నాక ఊపిరి ఆడుతోందా అని వెళ్ళి చూసి వస్తున్నాను, పసిపిల్లప్పటిలాగా.

బీషియా

*

హువాలియెన్
డిసెంబరు

బీషియా,

"ఆ సంగతి" అని రాశావు. మాట రాయడానికి నీకు చెయ్యి రాలేదు. నేను రాస్తాను. యూచింగ్ ఆడపిల్లల్ని ప్రేమించే పిల్ల కావచ్చు. కాకపోవచ్చు. ఏదైనా అది తను చెప్పాలి. నువ్వు కాదు, నేను కాదు, కో మేడం అసలే కాదు.

తగ్గుతుందని రాయమన్నావు. జబ్బయితే కదా తగ్గడానికి? సరిచేస్తానన్న డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకు. ఇది నీ అక్కగా చెప్పడం లేదు, ఇరవై ఏళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తున్న మనిషిగా చెప్తున్నాను. అలా సరిచేయించుకుని వచ్చిన పిల్లలు నా గదిలో కూర్చుని తమ చేతుల్ని తాము చూసుకోలేకపోవడం చూశాను.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పరుగుపందెంలో ముందుండేవాళ్ళు ఉన్నారు, లెక్కల్లో ఫస్టు వచ్చేవాళ్ళు ఉన్నారు, నోట్లో నాలుక లేనివాళ్ళు ఉన్నారు. వాళ్ళని కుంగదీసేది ఆ ప్రేమ కాదు. అది బయటపడిన రోజు అమ్మ మొహం ఎలా మారుతుందో అన్న భయం. ఆ మొహాన్ని వాళ్ళు రోజుకి వందసార్లు ఊహించుకుంటారు.

రెండేళ్ళ కిందట మా స్కూల్లో ఒక మాస్టారు, మంచే చేస్తున్నాననుకుని, ఒకబ్బాయి తండ్రికి ఫోను చేసి చెప్పేశాడు. వాడు ఇంటికి చేరేసరికి బట్టలు వీధిలో పడి ఉన్నాయి. ఇప్పుడు తైపీలో ఒక హోటల్లో గిన్నెలు కడుగుతున్నాడు. అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. చేసిన ప్రతిసారీ వాడి గొంతు విని ముందు నేను కూర్చుంటాను, తర్వాత మాట్లాడతాను.

నీకు తెలిసిపోయిందని యూచింగ్‌కి చెప్పకు. నిలదియ్యకు. టీవీలో అలాంటివాళ్ళని వెక్కిరిస్తుంటే నవ్వకు. "పాపం, వాళ్ళకీ అమ్మలుంటారు" అను, దాని వైపు చూడకుండా. పిల్లలు అలాంటి మాటల కోసం చెవులు రిక్కించుకుని ఉంటారు. నీ ఏడుపు నీకుంటుంది, దాన్ని ఆపుకోమనను. నాకు రాసి ఏడు.

కో మేడం మీ ఆయనకి చెప్పకుండా ఆపాలి. ఎలాగో ఆలోచిస్తున్నాను.

అక్క

*

డోంగ్‌గాంగ్
జనవరి

సు-యువాన్ గారికి,

అవును, పేరు పెట్టే రాస్తున్నాను.

జరిగింది చెప్తాను, మీకు ముందే తెలియకపోతే. కో మేడం మా కొట్టుకొచ్చింది. నేను మార్కెట్టులో ఉన్నాను. మా అత్తగారితో మాట్లాడిపోయింది. మర్నాడు పొద్దున్న ఆవిడ గుడి నుంచి పసుపు కాగితం మంత్రించి తెచ్చి, కాల్చి, ఆ బూడిద నీళ్ళలో కలిపి, బేరం మధ్యలో పిల్ల ముందు పెట్టింది.

"తాగవే. నీలో దూరిన మగదయ్యం దిగిపోతుంది."

మార్కెట్టు ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని చూస్తున్నారు. యూచింగ్ ఆ గిన్నె తోసేసింది. నీళ్ళు పెనం మీద పడి చుయ్యిమన్నాయి.

"నాలో ఎవరూ దూరలేదు. ఉన్నది నేనే" అంది.

అప్పుడు కొట్టాను. చెంప మీద, అందరి ముందు. దాన్ని ఎందుకు కొట్టానో నాకు తెలీదు. ఆ మాట వాళ్ళందరూ వినేశారని కొట్టాను. అది ఏడవలేదు. నా వైపు చూసి మెల్లిగా అంది: "పెద్దమ్మకి చెప్పినప్పుడు పెద్దమ్మ కొట్టలేదు."

ఎప్పుడు చెప్పిందమ్మా? నేను ఉత్తరం మీద ఉత్తరం రాసి ఏడుస్తుంటే మీకు అన్నీ తెలిసే ఉన్నాయా? "కావచ్చు, కాకపోవచ్చు" అని రాశారే! చేతిలో దీపం పెట్టుకుని నన్ను చీకట్లో తడుముకోనిచ్చారు. నన్ను కూడా మీ గదికి వచ్చే ఒక తల్లి అనుకున్నారా? నేను మీ వీపు మీద పెరిగిన చెల్లెల్ని.

పిల్ల నాతో మాట్లాడటం లేదు. అమ్మా అని కూడా పిలవడం లేదు. మీతో మాట్లాడుతోందేమో, మీకే తెలియాలి. ఇక నాకు రాయొద్దు.

బీషియా

*

హువాలియెన్
జనవరి

బీషియా,

వద్దన్నావు, అయినా రాస్తున్నాను. చదివాక చింపెయ్, కానీ చదువు.

తెలుసు. సెప్టెంబరు నుంచి తెలుసు. బస్టాండులో ఉన్న ఫోను నుంచి చేసింది. ముందు బస్సుల హారన్లు మాత్రం వినపడ్డాయి. తర్వాత చెప్పింది. చివర్లో "అమ్మకి చెప్తే ఇంకెప్పుడూ నీకు ఫోను చెయ్యను పెద్దమ్మా" అంది. అది బెదిరింపు కాదు, బతిమాలడం. నేను నీకు చెప్పి ఉంటే, దానికి ఈ లోకంలో మాట్లాడటానికి ఒక్క మనిషి కూడా మిగిలేది కాదు. నీ కోపం నేను భరించగలను. అది ఆ ఒంటరితనం భరించగలదన్న నమ్మకం నాకు లేకపోయింది.

ఫోను చేసిన ప్రతిసారీ సూటిగా అడిగేదాన్ని, చచ్చిపోవాలనిపిస్తోందా అని. నిజమే చెప్పేది. ఒక్కోసారి అనిపిస్తోందనేది. ఎలా అన్నది ఆలోచించలేదనేది. ఆలోచించానని అన్న రోజు దాన్నడక్కుండానే రైలెక్కి నీ దగ్గరికి వచ్చేస్తానని దానికి ముందే చెప్పాను. మందులకి తాళం వెయ్యమని నీకు రాయడానికి దాన్ని బతిమాలి ఒప్పించాను. "సరే, అంతవరకే రాయి" అంది. అంటే బతకాలని దానికీ ఉంది, బీషియా. ఆ ఒక్క మాట పట్టుకునే ఈ నాలుగు నెలలూ నేను నిద్రపోయాను.

నువ్వు కొట్టిన దెబ్బ గురించి నేనేమీ అనను. కానీ ఇప్పుడు నువ్వు కూడా దాన్ని అడగాలి, నేను అడిగినట్టే. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోకు. పుట్టదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అదే మాటతో అడుగు. జవాబు విని కంగారుపడి అరవకు. పక్కన కూర్చో.

మొన్నటి నుంచి నాకు ఫోను రాలేదు. నీతో మాట్లాడటం లేదన్నావు. నాతోనూ మాట్లాడటం లేదు.

అక్క

*

హువాలియెన్
ఫిబ్రవరి

బీషియా,

జవాబు లేదు. కొట్టుకి ఫోను చేస్తే మీ అత్తగారు నా గొంతు విని పెట్టేస్తోంది. చాంద్రమాన కొత్త సంవత్సరం పండక్కి కూడా యూచింగ్ నుంచి ఫోను లేదు. ఒక్క ముక్క రాయి. బతికుంది అని రాయి చాలు. ఈ వారంలో రాకపోతే నేను బయల్దేరి వస్తున్నాను, నువ్వు తలుపు తియ్యకపోయినా.

అక్క

*

డోంగ్‌గాంగ్
ఫిబ్రవరి

అక్కా,

బతికుంది. ముందు అది చదివి, మంచినీళ్ళు తాగి, తర్వాత మిగతాది చదువు.

శనివారం స్కూలు ఒంటిపూట. బస్సు వచ్చింది, అది దిగలేదు. డ్రైవరు "పొద్దున్న కూడా ఎక్కలేదే" అన్నాడు. నీకు ఫోను చెయ్యాలని తోచలేదు. ఏప్రన్‌తోనే రేవుకి పరిగెత్తాను. పడవ టికెట్లమ్మే ఆవిడ మన కొట్టులో తినే మనిషే. "మీ అమ్మాయా? పొద్దుటి పడవకే లియుచియు దీవికి వెళ్ళింది, స్కూలు బట్టల్లో. తిరుగు టికెట్టు తీసుకోమంటే వద్దంది" అని చెప్పింది.

వద్దందట అక్కా. తిరుగు టికెట్టు వద్దందట.

పడవలో నా పక్కన విహారానికి వెళ్ళే వాళ్ళు పాటలు పాడుకుంటున్నారు. నేను రెయిలింగు పట్టుకుని నీళ్ళకేసి చూస్తూనే ఉన్నాను, ఆ నీళ్ళలో ఏదైనా తెల్లగా కనిపిస్తే చూపు తిప్పుకుంటూ. స్కూలు చొక్కా తెలుపు కదా. నీ మీద పెట్టుకున్న పంతం అంతా ఆ పడవలోనే పోయింది.

దీవిలో పిండిని జడలా అల్లి నూనెలో వేయించి అమ్మే కొట్టువాడు "యూనిఫారం పిల్ల రాళ్ళ వైపు పోయింది, చాలాసేపైంది" అన్నాడు. వెళ్ళాను. ఉంది. రాతి మీద కూర్చుని ఉంది. బూట్లు విప్పి పక్కన జతగా పెట్టి ఉన్నాయి, మేజోళ్ళు మడిచి లోపల. పిలవలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ముందు అదే అంది: "కొట్టు ఎవరు చూసుకుంటున్నారు?"

"మీ నాయనమ్మ."

"అట్లు మాడ్చేస్తుంది."

"మాడనీ."

నీ ఉత్తరం చింపలేదు. అందులో మాటే అడిగాను. "చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అరవకూడదని నాలుక కొరుక్కున్నాను.

"పొద్దున్న అనిపించింది. ఎలా అన్నది కూడా ఆలోచించాను. అందుకే పెద్దమ్మకి ఫోను చెయ్యలేదు, తెలిస్తే వచ్చేస్తుంది" అంది. "ఇప్పుడు ఆకలేస్తోంది" అంది.

పిండిజడలు కొనుక్కొచ్చాను. వెళ్ళేటప్పుడు దాని బూట్లు నా చేత్తో పట్టుకెళ్ళాను, అది ఎక్కడికీ కదలకుండా. చూసి కొంచెం నవ్వింది. సగం తిన్నాక అలల వైపు చూస్తూ చెప్పింది.

"అమ్మా, వాన్‌రోని నేను ప్రేమించాను. స్నేహం కాదు. నేను అలాంటిదాన్నే. చిన్నప్పట్నుంచీ."

నాకు తెలుసులే అనబోయి ఆపుకున్నాను. అది అన్నాళ్ళు మోసి తెచ్చిన మాట, తెలుసంటే చులకనైపోతుందనిపించింది. "చెప్పావు. మంచిపని చేశావు" అన్నాను. ఇంకా మంచి మాటలు ఉంటాయి, నాకు రాలేదు. "నాకు భయంగా ఉందే. నువ్వంటే కాదు. నీ చుట్టూ ఉన్నవాళ్ళంటే" అన్నాను. "నాకూ" అంది. "కొట్టాను కదా నిన్ను, ఇంకెప్పుడూ కొట్టను" అన్నాను. చెంప తడుముకుంది. నమ్మడానికి టైము పడుతుంది.

ఆఖరి పడవలో నా భుజం మీద నిద్రపోయింది. ఇప్పుడు ఏం చెయ్యాలో రాయి. ఏప్రిల్ దగ్గరికొస్తోంది. అక్కా అని రాయడానికి మళ్ళీ నాకు హక్కుంటే, అక్కా, రాయి.

బీషియా

*

హువాలియెన్
మార్చి

నా చెల్లీ,

మంచినీళ్ళు తాగమన్నావు, తాగలేకపోయాను. ఉత్తరం పట్టుకుని పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. దానితో చెప్పడానికి నీకు మంచి మాటలు రాలేదని రాశావు. ఇన్నేళ్ళలో నేను ఏ పిల్లకీ అంతకన్నా మంచి మాట చెప్పలేదు.

మీరిద్దరూ పోస్టాఫీసు నుంచి కలిసి ఫోను చేసిన రోజు దాని గొంతులో మార్పు విన్నాను. కానీ భయం తీరిపోయిందనుకోకు. ఇలాంటి రోజు మళ్ళీ రావచ్చు. అందుకే పట్నం ఆసుపత్రిలో నాకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమన్నాను, సరిచెయ్యడానికి కాదు, ఆ దిగులు తగ్గడానికి. వారం వారం తీసుకెళ్ళు. స్కూల్లో కూడా దానికి ఒక మనిషి కావాలి. ఎవరితో మాట్లాడగలవు అంటే నర్సమ్మ పేరు చెప్పింది. ఆవిడకి నేను ఫోను చేశాను, యూచింగ్ ఒప్పుకున్నాకే. మంచి మనిషి. మధ్యాహ్నాలు తన గదిలో కూర్చోనిస్తానంది.

తండ్రికి చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది దాని ఇష్టం. నువ్వు తొందరపెట్టకు, వద్దని భయపెట్టకు. ఫోనులో దాన్ని అడిగాను: "నాన్న అన్నిటికన్నా బాగా ఏమనగలడు? అన్నిటికన్నా చెడ్డగా ఏం చెయ్యగలడు? అదే జరిగితే ఆ పూట ఎక్కడుంటావు?" నీకు వినడానికి ఘోరంగా ఉంటుంది. కానీ దూకేముందు లోతు చూసుకోవాలి కదా. ఘోరమే జరిగితే నా దగ్గరికి వస్తుంది. నువ్వు ఒక సంచిలో దాని బట్టలు, పుస్తకాలు సర్ది పక్కింటావిడ దగ్గర పెట్టు. మీ ఆయన ఓడ దిగిన రోజు నుంచి మీ బావ డోంగ్‌గాంగ్‌లోనే ఉంటాడు, రేవు దగ్గర సత్రంలో. యూచింగ్ సరేనన్నాకే ఆయనకి సంగతి చెప్పాను. చేపలు కొనడానికి వచ్చానని చెప్తాడట. అబద్ధం ఆడటం రాదు మనిషికి, అయినా చూద్దాం.

సంచి విప్పే అవసరం రాకపోతే, దాన్ని సర్దినందుకు నువ్వు నన్ను ఎంత తిట్టుకున్నా పరవాలేదు.

అక్క

*

డోంగ్‌గాంగ్
ఏప్రిల్

అక్కా,

ఈ ఉత్తరం వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. చేతులకి ఏదో పని కావాలి. గోడకి అవతల గదిలో యూచింగ్ వాళ్ళ నాన్నతో ఉంది. తలుపు వేసుకున్నారు. బయట ఇంకా ఎండ ఉంది. బావ సత్రంలో ఉన్నాడు. సంచి పక్కింట్లో ఉంది.

ఆయన వచ్చి వారమైంది. ఆయన్ని స్కూలుకి పంపమని కో మేడం కబురు ఆయన కన్నా ముందే వచ్చింది. యూచింగ్‌ని అడిగి, అది సరే అన్నాక, నేనే వెళ్ళాను. "మా ఆయనకి ఎవరు చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మా అమ్మాయి చూసుకుంటుంది. మీరు చెప్పడానికి వీల్లేదు" అన్నాను. "తల్లివై ఉండి ఇలా వెనకేసుకొస్తావా?" అంది. "తల్లినై ఉండి ఇంకెవర్ని వెనకేసుకురమ్మంటారు?" అన్నాను. వెనక నర్సమ్మ నిలబడి ఉంది, అందుకే అంత ధైర్యమొచ్చింది. బయటికొచ్చి మెట్ల మీద వాంతి చేసుకున్నాను.

నిన్న పొద్దున్న అన్నాల దగ్గర మా అత్తగారు మొదలుపెట్టింది. "నీ కూతురేం వెలగబెడుతోందో నీ పెళ్ళాన్ని అడగరా." ఆయన తలెత్తాడు. యూచింగ్ చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది. "అత్తయ్యా, అది దాని మాట. అది చెప్పేదాకా ఈ ఇంట్లో ఇంకెవరూ నోరెత్తొద్దు" అన్నాను. ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. ఆయన నన్నూ పిల్లనీ మార్చి మార్చి చూశాడు. ఏమీ అనకుండా తిన్నాడు. ఆ ఏమీ అనకపోవడానికే నాకు ఎక్కువ భయమేసింది.

ఇవాళ అదే వచ్చి "అమ్మా, ఇవాళ చెప్పేస్తాను. దాచలేను" అంది. నేను పక్కన ఉండనా అంటే, "వద్దు, గోడకి అవతల ఉండు" అంది.

దాని గొంతు సన్నగా వినపడుతోంది, మాటలు తెలియడం లేదు. ఆగింది.

కుర్చీ జరిగిన చప్పుడైంది. గట్టిగా. లేచి తలుపు దాకా వెళ్ళాను. చెయ్యి గొళ్ళెం మీద పెట్టాను. ఇంకేం చప్పుడు లేదు. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఇది ఎందుకు రాస్తున్నానో తెలీదు, రాయకపోతే అరుస్తాను.

తలుపు తెరుచుకుంది. ఆయన ఒక్కడే బయటికొచ్చాడు. మొహం నల్లబడిపోయింది. సింకు దగ్గర నీళ్ళు కొట్టుకున్నాడు. తుడుచుకోలేదు.

"నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"మరి నాకెవరూ చెప్పలేదేం?"

"చెప్పాల్సింది అది. ఇవాళ చెప్పింది."

కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఎవరికి రాస్తున్నావన్నాడు, అక్కకి అన్నాను. లోపల అది ఏడవడం లేదు, వింటున్నాను, మంచం మీద కదిలిన చప్పుడు మాత్రం ఉంది. "దాన్నేమన్నావు?" అని అడిగాను. "ఏమీ అనలేదు. ఏమనాలో తెలీక లేచి వచ్చేశాను" అన్నాడు. ఆయన పెదాలు వణుకుతున్నాయక్కా. ఇంజను గదిలో మంట లేచినప్పుడు కూడా వణకలేదని తోటివాళ్ళు చెప్పుకునే మనిషి. పెన్ను ఇటివ్వమని చెయ్యి చాపాడు. ఇస్తున్నాను.

వదినగారికి,

నా చేతిరాత బాగుండదు. అమ్మాయి చెప్పింది. నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. నన్ను చూసి అది భయపడుతూ చెప్పింది. నేను దానికి అంత భయపడే మనిషినని ఇవాళే తెలిసింది. ఇప్పుడు లోపల ఒక్కతే కూర్చుని ఉంది, నేను మళ్ళీ వస్తానో రానో తెలియకుండా. నేను వెళ్ళి ఏమనాలి? మీకు తెలుస్తుందని బీషియా అంటోంది. కానీ మీ జవాబు వచ్చేదాకా దాన్ని అలా కూర్చోబెట్టలేను. అందుకని ఇప్పుడే వెళ్తున్నాను. నోటికి వచ్చిందేదో అంటాను. తప్పేమైనా అంటే రాయండి, మళ్ళీ వెళ్ళి సరిగ్గా చెప్తాను.